ముందు ఆగాలి, తర్వాతే ఎత్తాలి: డెల్టా విద్యార్థులకు కొండ భద్రత నేర్పిన ఒక కేసు

కొండల్లో ఎవరికైనా ఏదైనా అయితే ఏం చేయాలో గోదావరి డెల్టా కాలేజీ పిల్లలకు నేర్పడం నా పని. వీళ్లు పుట్టి పెరిగిన చోట కొండ లేదు. కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు, వాటన్నిటికంటే ఎత్తున ఏటిగట్టు, అంతే. అయినా ఆదివారం వస్తే బైకుల మీద మారేడుమిల్లి వెళ్తారు, సెలవుల్లో ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్కులకు పేర్లిస్తారు. ఈ కేసు అలాంటి ఒక బ్యాచ్‌ది. కాలేజీ పేరు, సంవత్సరం, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. కొన్ని చిన్న సంగతులు మార్చాను. ఏ నిర్ణయం ఎప్పుడు, ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం జరిగిన వరసలోనే రాస్తున్నాను. తోటి శిక్షకులకు, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ చూసే లెక్చరర్లకు పనికొస్తుందని నా ఆశ.

నేపథ్యం

మన ఊళ్లలో ఎవరైనా బండి మీంచి పడితే నిమిషంలో పదిమంది చేరతారు. ఒకరు నీళ్లు చల్లుతారు, ఇద్దరు ఎత్తుతారు, ఇంకొకరు ఆటో ఆపుతారు. కాసేపటికే ఆర్ఎంపీ దగ్గరో, పెద్ద దెబ్బైతే అమలాపురం, భీమవరం, కాకినాడ దారిలోనో ఉంటారు. 2005లో 108 వచ్చాక కూడా చాలాచోట్ల అంబులెన్సు కోసం ఆగకుండా మనిషిని దొరికిన బండి ఎక్కించేస్తారు. ఊరికీ ఊరికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు, కాలువ వెంట తారురోడ్డు ఉన్న నేల మీద ఈ అలవాటు ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. దాన్ని నేను తప్పుపట్టను. ఎదుటివాడు బాధపడుతుంటే చేతులు కట్టుకుని చూడలేని మంచితనం అందులో ఉంది.

కొండ మీద లెక్క వేరు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్కనే ఇప్పటికీ వాడతాం: ఐదు కిలోమీటర్ల నడకకు గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అదీ ఒంట్లో బాగున్న మనిషి నడిస్తే. గాయపడ్డవాణ్ని మోసుకుంటూ రాళ్ల మీద దిగితే ఒక్క కిలోమీటరుకే గంట దాటిపోతుంది. అక్కడ తొందరపడి ఎత్తడం వల్ల కలిసొచ్చే సమయం దాదాపు ఏమీ ఉండదు, జరిగే నష్టం మాత్రం చాలా ఉంటుంది.

ఈ బ్యాచ్‌కి అది అనుభవమే. నా దగ్గరికి రాకముందు వీళ్లంతట వీళ్లే ఏజెన్సీలో ఒక జలపాతానికి వెళ్లారు. పాకుడు రాయి మీద ఒకడు జారాడు. చీలమండ దగ్గర ఎముక విరిగింది. స్నేహితులు చంకల్లో చేతులేసి లేపారు, ఒకడు వీపున ఎక్కించుకున్నాడు. కొంత దూరం వెళ్లగానే మోసేవాడు కూడా జారి ఇద్దరూ పడ్డారు. లోపలే ఉన్న విరుపు చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. మోసినవాడి మణికట్టు విరిగింది. ఒక్క రోగి ఉన్నచోట ఇద్దరయ్యారు.

అసలు సమస్య

ఆ వేసవిలో పిల్లల్ని హిమాలయ ట్రెక్కుకి పంపాలని కాలేజీ అనుకుంటోంది. పాత సంఘటన వల్ల తల్లిదండ్రులకు టెన్షన్. "ఒక రెండు రోజులు ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టండి మాస్టారూ" అని అడిగారు. నేను క్లాసు కంటే ముందు పిల్లలతో కూర్చున్నాను. విరిగిన కాలికి బద్దలు కట్టాలని వాళ్లలో చాలామందికి అప్పటికే తెలుసు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో కట్టి చూశారు కూడా. మరి ఎందుకు కట్టలేదని అడిగితే, మోసిన అబ్బాయే చెప్పాడు: "వాడు ఏడుస్తుంటే ఎత్తకుండా చూస్తూ ఎలా కూర్చుంటాం సార్?"

అప్పుడు నాకు విషయం తెలిసింది. వీళ్లకు ప్రథమ చికిత్స రాక కాదు ఆ రోజు అలా జరిగింది. ఎవరైనా పడగానే ఎత్తి రోడ్డు వైపు పరుగెత్తడం చిన్నప్పటి నుంచి చూసి చూసి చేతుల్లోకి వచ్చేసింది. బుర్ర ఆలోచించేలోపే చేతులు కదులుతాయి. నేర్పాల్సింది ఆ మధ్యలో ఒక నిమిషం ఆగడం.

మొదట ప్రయత్నించినవి

కాలేజీ హాలు ఇచ్చింది కాబట్టి క్లాసుతోనే మొదలుపెట్టాం. గుండె ఆగినప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం, రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమిపట్టడం, బద్దలు కట్టాక వేళ్ల రంగు, స్పర్శ, కదలిక చూడడం, పాము కరిస్తే కోయకుండా, గట్టిగా కట్టకుండా, నడిపించకుండా, ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చడం. ఓఆర్ఎస్ దగ్గర మాత్రం అందరూ తడబడ్డారు. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టును అరలీటరు సీసాలో వేసేసి, చిక్కగా ఉంటే మంచిదే కదా అన్నారు. ఉప్పు, చక్కెర, నీరు ఆ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లాక్కుంటుందని, చిక్కబడితే దాహం, విరేచనాలు పెరగొచ్చని చెప్పి, లీటరు సీసా మీద గీత పెట్టించి అందరితో కలిపించాను. రాత పరీక్షలో అందరూ పాసయ్యారు.

తర్వాత ఏటిగట్టు మీద డ్రిల్ పెట్టాం. ఒక అబ్బాయి గట్టు వాలులో పడుకుని కాలు విరిగినట్టు అరవాలి. రెండు నిమిషాలు కాకముందే వాణ్ని ఎత్తేశారు. నలుగురు ఒకేసారి ఫోన్లు తీశారు. వాడి పేరు పిలిచినవాళ్లు లేరు, కింద నేల జారుతోందా అని చూసినవాళ్లు లేరు. బద్దలు కట్టడానికి తెచ్చిన సంచి ముడి కూడా విప్పలేదు. నిన్న క్లాసులో అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పిన పిల్లలే వీళ్లు.

లీడర్ లేకపోవడమే కారణమేమో అనుకుని రెండో డ్రిల్‌లో ఒకణ్ని లీడర్‌గా పెట్టాం. క్లాసులో అందరికంటే బాగా నేర్చుకున్నవాణ్నే ఎంచాం. అదీ పనిచేయలేదు. బాగా వచ్చినవాడు కాబట్టి కట్టు తనే కట్టడానికి కూర్చున్నాడు. తల వంచి కట్టు కడుతుంటే చుట్టూ ఏం జరుగుతోందో చూసేవాళ్లు లేకుండా పోయారు. ఎండలో నిలబడ్డ ఇద్దరు నీరసపడ్డారు, సాయానికి పంపినవాడు ఒంటరిగా వెళ్లిపోయాడు. లీడర్ చెప్పాడు కాబట్టి ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఈ పద్ధతి ఇంకోసారి చేస్తే తప్పు అలవాటే గట్టిపడుతుందనిపించి అక్కడితో ఆపేశాం.

ఆ రెండు డ్రిల్స్ ఎందుకు చెడ్డాయో ఆలోచిస్తే నాకు కనిపించింది గట్టు మీది రోడ్డు. పడ్డవాడు ఎంత బాగా నటించినా కళ్లెదురుగా ఆటోలు తిరుగుతున్నాయి. రోడ్డు కనిపిస్తున్నంతసేపు కాళ్లు అటే లాగుతాయి. కాబట్టి రోడ్డు లేని చోటు కావాలి. అలాగని ఇంకా సిద్ధంగా లేని పిల్లల్ని కొండకు తీసుకెళ్లి అక్కడ నేర్పడం ఒప్పు కాదు. కొండ ప్రమాదాలు లేకుండా, కొండలో ఉండే ఒంటరితనం మాత్రమే ఉన్న చోటు డెల్టాలో ఎక్కడుంది? లంకలో.

లంక మీద

నది పాయ మధ్య మనుషులు లేని ఇసుక లంక ఒకటి ఎంచాం. నీళ్లు తక్కువగా ఉండే కాలం కాబట్టి సాధ్యపడింది. వరద నెలల్లో ఈ పని ఎవరూ చేయకూడదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, లంకలకు నీళ్లు ఎప్పుడు ఎలా వస్తాయో ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతమంది పోయారో మనం చూశాం. లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్ పెట్టుకునే దాకా ఒక్కరినీ పడవ ఎక్కనివ్వలేదు. ఆవలి ఒడ్డున ఇంజను పడవ, ఫోనుతో ఒక మనిషి సిద్ధంగా ఉన్నారు. ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు. వాళ్లకు తెలిసిందల్లా, తీసుకొచ్చిన సరంగు చీకటి పడ్డాకే తిరిగి వస్తాడని.

మూడు నియమాలు పెట్టాం. మొదటిది, లీడర్ చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడాలి. గాయాన్ని ముట్టుకోకూడదు. చూడడం, అడగడం, చెప్పడం, అంతే. రెండోది, మనిషిని కదిలించే ముందు లీడర్ అందరికీ వినపడేలా రెండు ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు కదిపితే ఏం లాభం? కదపకపోతే ఏం నష్టం? జవాబు ఎవరైనా చెప్పొచ్చు, కాదని ఎవరైనా అనొచ్చు. మూడోది, సాయం కోసం నోటిమాట పంపకూడదు. చీటీ రాయాలి, ఇద్దరు కలిసి తీసుకెళ్లాలి.

చీటీ అవసరం మొదటి గంటలోనే తెలిసింది. కావాలనే మొదటిసారి నోటితో పంపనిచ్చాను. "కుడికాలు, మోకాలి కింద, స్పృహ ఉంది, లంక ఉత్తరం కొస" అని చెప్పి పంపితే, లంక అటు చివర ఉన్న నా సహాయకుడి దగ్గరికి "రెండు కాళ్లూ విరిగాయి, రేవు దగ్గర ఉన్నాడు" అని చేరింది. రెండోసారి అట్టముక్క మీద పెన్సిల్‌తో రాశారు: సమయం, చోటు, ఫోనులో కనిపించే జీపీఎస్ అంకెలు, మనిషి వయసు, ఏం జరిగింది, స్పృహ, నిమిషానికి ఊపిరి, నాడి, ఇప్పటిదాకా ఏం చేశాం, ఎంతమందిమి ఉన్నాం, ఏం కావాలి. అదే ఇంకో చీటీ మీద రాసి రోగి దగ్గర ఉంచారు. సిగ్నల్ లేకపోయినా ఫోను జీపీఎస్ చూపిస్తుందని, మన కంపెనీ సిగ్నల్ లేనిచోట వేరే కంపెనీ టవర్ అందినా 112 కలవొచ్చని చాలామందికి అక్కడే తెలిసింది. ఈల వేయడం కూడా అక్కడే నేర్చుకున్నారు: నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆపి మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు.

చేతులు కట్టుకుని నిలబడడం లీడర్‌గా ఉన్న అమ్మాయికి ఎంత కష్టమైందో దగ్గర నుంచి చూశాను. వేళ్లు ఒకదాన్నొకటి నలుపుతున్నాయి, రెండుసార్లు ముందుకు వంగి ఆగిపోయింది. కానీ అలా నిలబడ్డందుకే, పడుకున్నవాడి ముఖం మీద నేరుగా ఎండ పడుతోందని ఆమె ఒక్కతే చూసింది. తువ్వాలు నీడపట్టమంది. రెండు ప్రశ్నలూ గట్టిగా అడిగింది. "కదిపితే లాభం ఏం లేదక్కా, పడవ ఎలాగూ ఇప్పుడు రాదు" అన్నాడు ఒక జూనియర్. అప్పటికి గట్టు మీద రెండుసార్లు ఎత్తేసినవాడే అతను.

తర్వాత డోలీ. ఏజెన్సీలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణుల్ని ఇలాగే మోసుకొస్తారని పిల్లలు వార్తల్లో చూసే ఉంటారు. దుప్పటి, వెదురు గడ ఇచ్చి కట్టమన్నాం. మోయడం కంటే ముందు ప్రతి ఒక్కరూ అందులో పడుకోవాలని షరతు పెట్టాం. ఊగే డోలీలో ఆకాశం చూస్తూ పడుకుంటే, మోసేవాళ్లు మాట్లాడకపోతే ఎంత భయం వేస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత అడిగినా అడక్కపోయినా "ఇక్కడ దిగుతున్నాం, కాస్త ఊగుతుంది" అని చెబుతూ మోశారు. వెన్ను దెబ్బ అనుమానం ఉంటే డోలీ పనికిరాదని, అప్పుడు ఒంటిని వంగకుండా తిన్నగా ఉంచే స్ట్రెచర్, కనీసం ఆరుగురు మనుషులు కావాలని విడిగా చేసి చూపించాం. వంద మీటర్ల ఇసుకకే చేతులు మారాల్సి వచ్చింది. రోడ్డు దాకా మోసుకుపోదాం అనే మాట ఆ రోజు తర్వాత ఎవరూ తేలిగ్గా అనలేదు.

కొండ మీద జరిగింది

లంక మీద నేర్చుకున్నది నిలబడుతుందో లేదో చూడడానికి హిమాలయాల కంటే ముందు మారేడుమిల్లి వైపు కొండల్లో ఒక రోజు నడక పెట్టాం. కాలేజీ సెలవులు చూసుకుంటే శివరాత్రి మర్నాడు కుదిరింది. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు, ఆ రోజు అలాగే ఉంది. గాలి లేదు, ఉక్కపోత. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఏడాదిలో మొదటి ఎండలే ఎక్కువ మోసం చేస్తాయి.

రోడ్డు నుంచి దాదాపు మూడు కిలోమీటర్ల పైన, ఎక్కుడు దారిలో ఒక అబ్బాయి మాట తగ్గించాడు. పక్కవాడు నీళ్లిస్తే విసుక్కున్నాడు. కాసేపటికి తూలాడు, వాంతి చేసుకున్నాడు. ఇవాళ ఏ వారమని అడిగితే తడబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది, చొక్కా మాత్రం చెమటతో తడిసి ఉంది. వడదెబ్బ తగిలితే చెమట పట్టదని మన దగ్గర చాలామంది నమ్ముతారు. ముసలివాళ్లలో, ఇంట్లో ఉన్నవాళ్లలో అది తరచుగా నిజం. శ్రమ చేస్తూ పడిపోయినవాడికి చెమట పడుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మనిషి తెలివిని. వేడిలో శ్రమపడ్డవాడు తికమకగా మాట్లాడితే, థర్మామీటర్ లేకపోయినా, అది వడదెబ్బ అనే అనుకోవాలి. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, అది ఎంతసేపు అలా ఉంటే మెదడు, మూత్రపిండాలు అంతగా దెబ్బతింటాయి.

ఆ రోజు లీడర్ వంతు వేరే అబ్బాయిది. నేను పక్కనే ఉన్నాను. రోగి ప్రాణంతో ప్రయోగం చేయకూడదు కాబట్టి తప్పు దారి పట్టగానే కలగజేసుకోవాలని సిద్ధంగా ఉన్నాను. ఒకడు వెంటనే "ఒరేయ్, ఎత్తండ్రా, కిందికి పోదాం" అన్నాడు. లీడర్ చేతులు వెనక్కి వెళ్లాయి. "ఆగండి. ఇప్పుడు కదిపితే ఏం లాభం?" జవాబు కోసం ఎక్కువసేపు ఆగాల్సిన పని పడలేదు. మోసుకుంటూ రోడ్డుకు మూడు గంటల పైనే, అక్కడి నుంచి ఆసుపత్రికి ఇంకో గంట. అంతసేపూ ఒళ్లు ఉడుకుతూనే ఉంటుంది. "కదపకపోతే ఏం నష్టం?" ఇక్కడ నీళ్లు లేవు, నీడ లేదు. అయితే ఐదు నిమిషాల క్రితమే ఒక వాగు దాటారు. తేల్చేశారు: రోడ్డుకు కాదు, వాగుకు.

బూట్లు, చొక్కా తీసేసి దుప్పటిలో దింపారు. పారే నీళ్లలో ఛాతీ దాకా మునిగేలా కూర్చోబెట్టారు. ఒకడు వెనక నుంచి చంకల కింద పట్టుకున్నాడు, ఒకడు తల పైకి పట్టుకున్నాడు. ఇంకొకరు తడి తువ్వాలు తల మీద మారుస్తూ ఉన్నారు. తెలివి సరిగా లేనంతసేపు నోట్లో ఏమీ పోయలేదు. జ్వరం మాత్ర ఇద్దామని ఒకరు అంటే వద్దన్నారు. ఈ వేడిని పారాసెటమాల్ తగ్గించదు. ఈలోగా ఇద్దరు చీటీ పట్టుకుని కిందికి బయల్దేరారు. పావుగంట దాటాక ఆ అబ్బాయి వణకడం మొదలుపెట్టి, "ఎందుకురా నన్ను నీళ్లలో పెట్టారు" అని అడిగాడు. అప్పుడు బయటికి తీసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, పూర్తిగా తెలివి వచ్చాక కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ పట్టారు.

కిందికి వెళ్లినవాళ్లు దారిలో కొండరెడ్ల గూడెం దగ్గర ఆగి సాయం అడిగారు. "ఉండండి తమ్ముడూ, మీకు ఈ దారిలో మొయ్యడం రాదు" అంటూ నలుగురు వచ్చారు. వాళ్లు కట్టిన డోలీ ముడి మేం నేర్పినదానికంటే మేలైనది. తర్వాతి బ్యాచ్‌ల నుంచి అదే నేర్పుతున్నాం. అంబులెన్సు రోడ్డు మీదికి వచ్చేసరికి డోలీ కూడా చేరింది. కుదుటపడ్డాడు కదా, ఇంటికి పంపేద్దామని ఎవరూ అనలేదు. వడదెబ్బలో కాలేయం, మూత్రపిండాల దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. ఆసుపత్రిలో ఉంచి రక్తపరీక్షలు చేశారు, బాగైపోయి ఇంటికి వెళ్లాడు.

ముందురోజంతా ఉపవాసం, రాత్రి జాగారం అని అతను ఆసుపత్రిలోనే చెప్పాడు. నిద్ర, తిండి లేని ఒంటికి ఆ ఎక్కుడు చాలు. చెబితే ట్రెక్కు నుంచి తీసేస్తారని దాచాడట. ఇప్పుడు నడక మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరినీ విడిగా, మిగతావాళ్లు వినకుండా, నిద్ర, తిండి, జ్వరం, మందులు, అమ్మాయిలనైతే ఇంకా ఏమైనా ఇబ్బంది ఉందా అని అడుగుతాం. అమ్మాయిల్ని సీనియర్ అమ్మాయే అడుగుతుంది. అవసరమైనవాళ్లకు ఆ రోజు బేస్ దగ్గర బాధ్యత ఇస్తాం. తీసేసినట్టు అనిపించకపోతే దాచరు.

అదే ప్రశ్న, వేరే జవాబు

వేసవిలో ఈ బ్యాచ్ హిమాలయాలకు వెళ్లింది. ఆంధ్రలో తూర్పు కనుమల ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే కాబట్టి ఎత్తు జబ్బు ఇక్కడ ఎవరూ చూసి ఉండరు. అది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. 3,000 దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదని, తలనొప్పితో పాటు వికారమో, నీరసమో ఉంటే తగ్గేదాకా పైకి కదలకూడదని పాఠంలో చెప్పాం. పై క్యాంపులో ఒక అమ్మాయికి సాయంత్రం తలనొప్పి, వాంతులు. పడుకుంటే పొద్దుటికి తగ్గిపోతుందని ఆమే అంది. స్నేహితులు ఆమెను మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి తిన్నగా నడవమన్నారు. రెండడుగులకే తూలింది. అది మెదడు వాపుకు గుర్తు.

అక్కడ కూడా ఆ రెండు ప్రశ్నలే అడిగారు. ఈసారి కదపకపోతేనే ప్రాణం మీదికి వస్తుంది. గైడుతో కలిసి, ఆక్సిజన్ పెట్టి, హెడ్‌లైట్ల వెలుతురులో ఆ రాత్రే కిందికి దించారు. తెల్లవారేసరికి తిన్నగా నడిచింది. ఎత్తవద్దు అని ఒక్కటే నేర్పి ఉంటే ఆ రాత్రి వీళ్లు ఆమెను గుడారంలో పడుకోబెట్టేవాళ్లు. అందుకే శిక్షణలో ఒక డ్రిల్ కదపకూడనిది అయితే ఇంకోటి తప్పకుండా కదపాల్సింది పెడుతున్నాం. పాము కాటు, ఆగని రక్తస్రావం అలాంటివి. పిల్లలు మన ముఖం చూసి జవాబు ఊహించకుండా ఉండాలంటే రెండూ కలిపే ఇవ్వాలి.

కోర్సు వరస కూడా మార్చాం. ఇప్పుడు మొదటి రోజే లంక, ఆ తర్వాతే క్లాసు. లంకలో తడబడ్డాక క్లాసులో వాళ్లే ప్రశ్నలు అడుగుతున్నారు. నేర్చుకున్న చేతిపని కొన్ని నెలల్లో జారిపోతుంది కాబట్టి ఆరునెలలకోసారి సగం రోజు డ్రిల్ పెట్టమని కాలేజీలకు చెబుతున్నాం.

ఇంకా తేలని విషయం ఒకటుంది. మారేడుమిల్లిలో చీటీ తీసుకెళ్లిన ఇద్దరిలో ఒకడికి సిగ్నల్ అందగానే మొదటి ఫోను 108కి చేశాడు, రెండోది ఇంటికి. అంబులెన్సు ఆసుపత్రికి చేరేసరికి కోనసీమ నుంచి రెండు కార్లలో బంధువులు బయల్దేరారు. ఘాట్‌రోడ్డు మీద ఆందోళనగా నడిపే కార్లు కూడా ప్రమాదమే. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ముందే తల్లిదండ్రుల సమావేశం పెట్టి, కాలేజీ తరఫున ఒక్క నంబరు ఇచ్చి, కబురు అక్కడి నుంచే వస్తుందని చెబుతున్నాం. కొందరు ఒప్పుకుంటున్నారు. "నా పిల్లాడు పడిపోతే నాకు చివర్న చెబుతారా" అని అడిగే తల్లికి ఏం చెప్పాలో తోటి శిక్షకులతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం.